ఏఆర్‌టీ వాడుతున్న బిడ్డకు మలేరియా వస్తే: మందు ఎంచే ముందు చూడవలసినవి

హెచ్ఐవీతో పుట్టి, ఆ వైరస్‌ను అదుపులో ఉంచడానికి రోజూ ఏఆర్‌టీ మందులు వేసుకుంటున్న బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు ఇంట్లో రెండు పుస్తకాలు ఉంటాయి. ఒకటి ఏఆర్‌టీ కేంద్రం ఇచ్చినది. ఏ మందులు, ఎంత మోతాదులో, ఎప్పటినుంచి వాడుతున్నదీ అందులో రాసి ఉంటుంది. రెండోది జ్వరాలకు, దగ్గులకు ఊళ్లోని ఆసుపత్రిలో చూపించుకునే పుస్తకం. తూర్పు ఉగాండా పల్లెల్లో ఇది చాలాసార్లు బడిపిల్లల నోటుపుస్తకమే. చిక్కంతా ఈ రెండూ ఒకే బల్లమీదికి రాకపోవడంలో ఉంది. నలుగురిలో బయటపడుతుందన్న భయంతో పెద్దవాళ్లు మొదటి పుస్తకాన్ని ఇంట్లోనే దాచి, రెండోదాన్ని మాత్రమే తీసుకువెళతారు. అక్కడి నర్సు మలేరియా పరీక్ష చేసి, ఉందని తేలితే, అందరు పిల్లలకూ ఇచ్చే మందే ఇచ్చి పంపుతుంది. ఆ మందు ఈ బిడ్డకు సరిపడవచ్చు, సరిపడకపోవచ్చు, లేదా వేసినా రక్తంలో చాలినంత నిలవకపోవచ్చు.

2023 లెక్కల ప్రకారం ప్రపంచంలో 15 ఏళ్లలోపు పిల్లల్లో హెచ్ఐవీ ఉన్నవారు సుమారు 14 లక్షల మంది. వారిలో అత్యధికులు సహారా ఎడారికి దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల్లో ఉన్నారు. మలేరియా కేసుల్లో నూటికి తొంభైకి పైగా నమోదయ్యేదీ ఆ ఖండంలోనే. అందుకే ఈ విషయంలో మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఉగాండా నుంచి, ముఖ్యంగా కెన్యా సరిహద్దును ఆనుకొని ఉన్న టొరోరో జిల్లా నుంచి, రాజధాని కంపాలా నుంచి వచ్చింది. ఈ వ్యాసంలోని సూచనలు కూడా ఆ నేలను ఆధారంగా చేసుకొన్నవే. తూర్పు ఆఫ్రికాలో పనిచేస్తున్న తెలుగు నర్సులకు, వైద్యులకు ఇవి నేరుగా పనికివస్తాయి. పాడేరు, రంపచోడవరం వంటి మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఇలాంటి పిల్లల సంఖ్య తక్కువే అయినా, అక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది కనుక దాన్ని తగినచోట చెబుతాను.

జ్వరం రాకముందు చేయవలసినవి

ఏఆర్‌టీ వాడే పిల్లలకు రోజూ ఇచ్చే మందుల్లో కోట్రైమాక్సజోల్ ఒకటి. మన దగ్గర చాలామందికి ఇది సెప్ట్రాన్ పేరుతో తెలుసు. న్యుమోనియా వంటి వ్యాధులు రాకుండా దీన్ని ఇస్తారన్నది ఎక్కువమందికి తెలిసిన సంగతే కాని, మలేరియా పరాన్నజీవిని కూడా ఇది అడ్డుకుంటుందన్నది అంతగా తెలియదు. కంపాలాలో హెచ్ఐవీ ఉన్న పిల్లలను గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, దోమతెర ఒక్కటే వాడినప్పుడు మలేరియా 43 శాతం తగ్గింది; దోమతెరకు కోట్రైమాక్సజోల్ తోడైనప్పుడు 97 శాతం తగ్గింది. ఎక్కడా దొరకని ఖరీదైన మందేదో కాదు, పైసల్లో దొరికే మాత్ర, పడకమీద కట్టే తెర కలిసి చేసిన పని ఇది.

మోతాదు బిడ్డ బరువునుబట్టి ఉంటుంది. 5 మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాముల సల్ఫామెథాక్సజోల్, 40 మిల్లీగ్రాముల ట్రైమెథోప్రిమ్ ఉండే సిరప్ అయితే, 6 కిలోల లోపు పసిబిడ్డకు రోజుకు 2.5 మిల్లీలీటర్లు, 6 నుంచి 14 కిలోల లోపు 5 మిల్లీలీటర్లు, 14 నుంచి 25 కిలోల లోపు 10 మిల్లీలీటర్లు, రోజుకు ఒకేసారి ఇస్తారు. బిడ్డ పెరుగుతుంటే మోతాదు కూడా పెరగాలి. ఏడాదిన్నర క్రితం రాసిన మోతాదునే నేటికీ వేస్తున్న ఇళ్లు తక్కువేమీ కావు కనుక, మందుల కోసం కేంద్రానికి వెళ్లిన ప్రతిసారీ బరువు తూయించి, మోతాదు మారాలా అని అడగడం పెద్దవాళ్లు అలవాటు చేసుకోవాలి.

బిడ్డ ఏఆర్‌టీతో తేరుకొని, ఒళ్లు చేసి, బడికి పోతున్నప్పుడు ‘ఇంత బాగున్నాడు కదా, ఇంకా ఈ మాత్ర ఎందుకు’ అన్న ప్రశ్న పుట్టడం సహజం. ఇదే ప్రశ్నకు సమాధానం వెతుకుతూ ఉగాండా, జింబాబ్వేలలో 758 మంది పిల్లలపై ఒక పరిశోధన జరిగింది. వీరంతా 96 వారాలకు మించి ఏఆర్‌టీ వాడి స్థిమితపడినవారే. సగం మందికి కోట్రైమాక్సజోల్ ఆపివేశారు, సగం మందికి కొనసాగించారు. ఆపినవారిలో 19 శాతం మంది ఆసుపత్రిలో చేరవలసివచ్చింది లేదా చనిపోయారు. కొనసాగించినవారిలో అది 13 శాతం. ఆసుపత్రికి చేర్చిన కారణాల్లో మలేరియాది పెద్ద వాటా. 2014లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, మలేరియా ఎక్కువగా ఉండే చోట్ల సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంత ఉన్నా పిల్లలకు ఈ మందు కొనసాగించాలని సూచించింది. కనుక దీన్ని సొంతంగా ఆపకూడదు. ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే మాత్రం వెంటనే చూపించాలి. సల్ఫా పడనివారికి అది ప్రమాదకరం కావచ్చు.

కోట్రైమాక్సజోల్ వాడే బిడ్డకు ఇవ్వకూడని నివారణ మందు కూడా ఒకటి ఉంది. ఆఫ్రికాలో సహారా దిగువ అంచునున్న సాహెల్ దేశాల్లోనూ, 2021 నుంచి ఉగాండాలోని కరమోజా ప్రాంతంలోనూ, వానల నెలల్లో ఇంటింటికీ తిరిగి చిన్నపిల్లలకు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్, అమోడయాక్విన్ కలిపి నెలకోసారి వేస్తారు. మంచి కార్యక్రమమే. అయితే కోట్రైమాక్సజోల్, సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ రెండూ ఫోలేట్ అనే విటమిన్ మీదే దెబ్బకొట్టే మందులు కాబట్టి, రెండూ కలిస్తే దుష్ప్రభావాలు పెరుగుతాయే తప్ప రక్షణ రెట్టింపు కాదు. ఇంటికి వచ్చిన కార్యకర్తకు బిడ్డ రోజూ కోట్రైమాక్సజోల్ వేసుకుంటున్నాడని చెప్పి, ఆ విడత మందు వద్దనాలి. హెచ్ఐవీ మాట ఎత్తవలసిన అవసరం కూడా లేదు. మందు పేరు చెబితే చాలు.

మలేరియా టీకా సంగతి కొంత మారింది. ఆర్‌టీఎస్,ఎస్ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో, ఆర్21 టీకాను 2023 అక్టోబరులో సిఫారసు చేసింది. రెండో దాన్ని తయారుచేసేది పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్; మొదటిదాని తయారీ బాధ్యతను హైదరాబాదులోని భారత్ బయోటెక్ అందుకుంటోంది. ఉగాండాలో 2025 ఏప్రిల్ నుంచి ఆర్21ను 6, 7, 8, 18 నెలల వయసులో నాలుగు మోతాదులుగా ఇస్తున్నారు. హెచ్ఐవీ ఉండడం ఈ టీకాకు అడ్డంకి కాదు. భారతదేశపు టీకాల కార్యక్రమంలో ఇవి లేవు. టీకా వేయించినంతమాత్రాన తెరగాని, మాత్రగాని మానకూడదు.

జ్వరం వచ్చిన రోజు

బిడ్డ ఒళ్లు కాలుతోందని తెలిసిన 24 గంటల్లోపు రక్తపరీక్ష జరగాలి. ర్యాపిడ్ కిట్ అయినా, రక్తపూతను మైక్రోస్కోపు కింద చూడడమైనా పరవాలేదు. ‘చలితో వచ్చింది, మలేరియానే’ అని పరీక్ష లేకుండా మందు వేయడం ఏ బిడ్డ విషయంలోనూ మంచిది కాదు, ఈ బిడ్డ విషయంలో అసలే కాదు. కోట్రైమాక్సజోల్, దోమతెర రెండూ సరిగ్గా వాడుతున్న బిడ్డకు వచ్చిన జ్వరం మలేరియా కాకుండా న్యుమోనియా, క్షయ, రక్తంలోకి సూక్ష్మక్రిములు చేరడం, మెదడువాపు వంటిది కావడానికి అవకాశం ఎక్కువ. మలేరియా మందుతో మూడు రోజులు గడిపేస్తే ఆ మూడు రోజులూ అసలు జబ్బు ముదురుతుంది.

పరీక్షలో మలేరియా ఉందని తేలినా వెతకడం ఆపకూడదు. మలేరియా విస్తారంగా ఉండే ఊళ్లలో జ్వరం లేకుండానే రక్తంలో పరాన్నజీవులు ఉన్న పిల్లలు కనిపిస్తారు కనుక, కిట్‌మీద కనిపించిన గీత నేటి జ్వరానికి కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. ఊపిరి వేగంగా పీలుస్తున్నాడా, మెడ బిగుసుకుందా, చెవిలో చీము ఉందా, రెండు వారాలకు మించి దగ్గు ఉందా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా, ఈ మధ్య బరువు తగ్గాడా అన్నవి అప్పుడే అడిగి చూసుకోవాలి.

ఇక్కడ ఎక్కువమంది ఆలోచించని ఒక విషయం ఉంది. బిడ్డకు అబకావిర్ అనే ఏఆర్‌టీ మందు మొదలుపెట్టి ఆరు వారాలు దాటకపోతే, జ్వరంతోపాటు దద్దుర్లు, వాంతులు, కడుపునొప్పి, దగ్గు లేదా ఆయాసం వంటివి కలిసి వస్తే, అది మలేరియా కాక ఆ మందు పడకపోవడం కావచ్చు. మోతాదు వేసిన ప్రతిసారీ లక్షణాలు పెరుగుతుండడం దీని గుర్తు. అదే రోజు ఏఆర్‌టీ వైద్యుణ్ని కలవాలి. ఆ మందు పడలేదని ఆయన నిర్ధారించి ఆపిస్తే, జీవితంలో మళ్లీ ఎన్నడూ దాన్ని వేయకూడదు. రెండోసారి వేస్తే ప్రాణాపాయం. ఏఆర్‌టీ ఎప్పుడు మొదలైందో, ఇటీవల ఏ మందు మారిందో జ్వరానికి చూసే వైద్యుడికి చెప్పాలని నొక్కి చెప్పడానికి ఇదొక్క కారణం చాలు.

మందు ఎంచుకోవడం

మలేరియాల్లో ఫాల్సిపారం రకానికి నేడు ప్రపంచమంతటా ఆర్టెమిసినిన్ జాతి మందును మరొక మందుతో జోడించి ఇస్తారు. తేడా అంతా ఆ జోడీ మందు దగ్గరే ఉంది. బిడ్డ వాడే ఏఆర్‌టీ మందులనుబట్టి ఏ జోడీ కుదురుతుంది, ఏది కుదరదు అన్నది తేల్చుకోవాలి.

బిడ్డ కోట్రైమాక్సజోల్ వాడుతుంటే ఆర్టెసునేట్‌తో సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ జోడీ వద్దు. బిడ్డ ఏఆర్‌టీ మందుల్లో ఎఫవిరెంజ్‌గాని, జిడోవుడిన్‌గాని వాడుతుంటే ఆర్టెసునేట్-అమోడయాక్విన్ జోడీ వద్దు. అమోడయాక్విన్ ఎఫవిరెంజ్‌తో కలిస్తే కాలేయం దెబ్బతినవచ్చు. జిడోవుడిన్‌తో కలిస్తే తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండింటినీ స్పష్టంగా వద్దని చెప్పింది. పశ్చిమ ఆఫ్రికాలో అమోడయాక్విన్ జోడీని విరివిగా వాడే దేశాలున్నాయి కనుక అక్కడ పనిచేసేవారు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

ఈ రెండూ పోగా మిగిలేవాటిలో ముఖ్యమైనది, ఉగాండా మొదటి వరుస మందుగా వాడుతూ వచ్చినదీ ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్. ఎక్కువమంది పిల్లలకు సరైన ఎంపిక ఇదే. అయితే దీని సత్తా కూడా ఏఆర్‌టీనిబట్టి మారుతుంది. ఎఫవిరెంజ్ కాలేయంలోని ఎంజైములను ఉసిగొల్పి, ఆర్టెమెథర్‌ను, ల్యూమెఫాంట్రిన్‌ను శరీరం త్వరగా వదిలించుకునేలా చేస్తుంది. ఫలితంగా మూడు రోజుల మందు పూర్తిగా వేసినా రక్తంలో నిలవవలసినంత నిలవదు. జ్వరం తగ్గినట్టే తగ్గి మూడు నాలుగు వారాల్లో తిరగబెడుతుంది. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కూడా ఇదే పని చేస్తుంది. అలాంటి బిడ్డ విషయంలో మందు వేసి ఊరుకోకుండా 28 రోజులపాటు వెంటాడి చూడాలి. మందును మూడు రోజులకు బదులు ఐదు రోజులు ఇచ్చే పద్ధతిని పరిశోధకులు పరీక్షిస్తూ వచ్చారు. ఆ నిర్ణయం వైద్యుడిదే తప్ప, ఇంట్లో వాళ్లు మాత్రలు మిగుల్చుకొని పొడిగించేది కాదు.

లోపినావిర్-రిటోనావిర్ అనే ఏఆర్‌టీ మందు ఎఫవిరెంజ్‌కు సరిగ్గా వ్యతిరేకం. టొరోరోలో 2 నెలల నుంచి 5 ఏళ్ల వరకు వయసున్న పిల్లలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి లోపినావిర్-రిటోనావిర్ ఉన్న ఏఆర్‌టీ, మరొక వర్గానికి నెవిరపిన్ లేదా ఎఫవిరెంజ్ ఉన్న ఏఆర్‌టీ ఇచ్చి గమనించారు. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి వర్గంలో బిడ్డకు ఏడాదికి సగటున 1.32 సార్లు మలేరియా రాగా, రెండో వర్గంలో 2.25 సార్లు వచ్చింది; అంటే 41 శాతం తేడా. లోపినావిర్ పరాన్నజీవిని నేరుగా చంపినందువల్ల ఈ తేడా వచ్చిందనుకోవడం తొందరపాటు. ఒకసారి మలేరియా వచ్చి ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్ వేసినప్పుడు, ఏడో రోజున రక్తంలో ల్యూమెఫాంట్రిన్ మొదటి వర్గం పిల్లల్లో నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా ఉంది. ఆ మందు అంతకాలం కాపలా కాయడంవల్ల మలేరియా తిరగబెట్టడం తగ్గింది. ఒకే మలేరియా మందును ఎఫవిరెంజ్ పలచన చేస్తే, రిటోనావిర్ చిక్కన చేస్తుంది. ఏఆర్‌టీ పుస్తకం చూడకుండా మలేరియా మందు రాయకూడదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు కనబడదు.

అంతమాత్రాన మలేరియా తగ్గుతుందని బిడ్డను లోపినావిర్‌కు మార్చమని కోరడం అర్థంలేని పని. ఆ సిరప్ ఎంత చేదో తాగించిన తల్లులకే తెలుసు. పైగా దాన్ని చల్లగా దాచాలి. ఏఆర్‌టీని వైరస్ అదుపునుబట్టే ఎంచాలి. ఇప్పుడు ఆ ఎంపిక చాలావరకు డోలుటెగ్రావిర్ వైపు జరిగింది. నీళ్లలో కరిగే 10 మిల్లీగ్రాముల పిల్లల మాత్ర 2021 నుంచి ఉగాండా, కెన్యా, మలావీ, జింబాబ్వే వంటి దేశాలకు చేరింది. చవకగా తయారుచేసి పంపినవాటిలో భారతీయ కంపెనీలూ ఉన్నాయి. మలేరియా దృష్టితో చూసినా ఇది తలనొప్పి తగ్గించిన మార్పు. డోలుటెగ్రావిర్‌తో ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్‌కు చెప్పుకోదగిన తగువు లేదు. రెండింటి మోతాదులూ మార్చకుండా ఇవ్వవచ్చు. అయితే డోలుటెగ్రావిర్‌కు జతగా ఇచ్చే మందులు ఏవన్నది చూడాలి. ఆ జతలో జిడోవుడిన్ ఉంటే అమోడయాక్విన్ నిషేధం అలాగే ఉంటుంది.

మన ఏజెన్సీలోని చిక్కు ఇదే. భారతదేశంలో 2010 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఈశాన్య రాష్ట్రాలు తప్ప మిగతాచోట్ల ఫాల్సిపారం మలేరియాకు చాలాకాలం ఇస్తూ వచ్చిన జోడీ ఆర్టెసునేట్‌తో సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్. సరిగ్గా కోట్రైమాక్సజోల్ వాడే బిడ్డకు వద్దని చెప్పిన జోడీ. కనుక అల్లూరి సీతారామరాజు జిల్లాలోనో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనో పీహెచ్‌సీకి ఇలాంటి బిడ్డ వస్తే, చేతికందిన ప్యాకెట్టు ఇచ్చేముందు రోజూ ఏ మందులు వేసుకుంటున్నాడో అడిగి, ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్ తెప్పించడం మంచిది. వైవాక్స్ అనే మరో రకం మలేరియా అయితే క్లోరోక్విన్‌తో ఇబ్బంది లేదు. తరువాత 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్రం ఏడాదిలోపు బిడ్డకు ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో అది ఎర్రరక్తకణాలను చిట్లగొడుతుంది. మందు మొదలుపెట్టాక మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మందు వేయడం

ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్ మాత్రల్లో పిల్లలకు వాడేది 20 మిల్లీగ్రాములు, 120 మిల్లీగ్రాములు కలిసినది. 5 నుంచి 15 కిలోల లోపు బిడ్డకు పూటకు ఒకటి, 15 నుంచి 25 కిలోల లోపు రెండు, 25 నుంచి 35 కిలోల లోపు మూడు, 35 కిలోలు దాటితే నాలుగు. మొత్తం ఆరు పూటలు. మొదటి మోతాదు తరువాత సరిగ్గా 8 గంటలకు రెండోది వేయాలి. మిగతా రెండు రోజులూ ఉదయం ఒక మోతాదు, సాయంత్రం ఒక మోతాదు. ఎక్కువమంది తప్పేది ఆ 8 గంటల దగ్గరే. మధ్యాహ్నం 3 గంటలకు మొదటిది వేస్తే రాత్రి 11 గంటలకు నిద్ర లేపి రెండోది వేయాలన్నమాట. నర్సు ప్యాకెట్టుమీద గంట రాసి ఇస్తే తల్లికి సులువు.

ల్యూమెఫాంట్రిన్ కొవ్వు లేనిదే సరిగ్గా ఒంటికి పట్టదు. ఖాళీ కడుపున నీళ్లతో మింగిస్తే సగం శ్రమ వృథా. చనుబాలు, ఆవుపాలు, నెయ్యి కలిపిన రెండు ముద్దలు, ఉగాండా ఇళ్లలో రోజూ ఉండే వేరుశనగ గుజ్జు కూర, వీటిలో ఏదో ఒకటి మందుతోపాటు కడుపులో పడాలి. వేసిన గంటలోపు వాంతి అయితే అదే మోతాదు మళ్లీ వేయాలి కనుక, ఒక మోతాదు అదనంగా ఇమ్మని ముందే అడగడం తెలివైన పని. రెండోసారి కూడా కక్కితే ఇంట్లో ప్రయత్నించవద్దు. ఇంజెక్షన్ అవసరం పడుతుంది. జ్వరానికి పారాసెటమాల్ కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వవచ్చు.

ఏఆర్‌టీ మందులు ఎప్పటి వేళకు అప్పుడు వేస్తూనే ఉండాలి. ‘ఒంట్లో వేడి ఎక్కువైంది, ఇన్ని మందులు తట్టుకోలేడు’ అని నానమ్మలు ఏఆర్‌టీని నాలుగు రోజులు పక్కన పెట్టడం ప్రేమతో చేసే పొరపాటు. మలేరియా వచ్చినప్పుడు వైరస్ కొంతకాలం ఎక్కువగా పెరుగుతుంది. సరిగ్గా ఆ సమయంలో మందు ఆపితే నష్టం రెండింతలు. ఆసుపత్రిలో చేరి నోటితో ఏమీ తీసుకోలేని స్థితిలో ఉంటే ఏఆర్‌టీ ఎలా ఇవ్వాలో అక్కడి వైద్యులు చూస్తారు. వారికి ఆ మందుల పేర్లు తెలియాలి, అంతే.

మలేరియా తగ్గాక రక్తం పడిపోయిందని ఐరన్ టానిక్కు రాయడం మామూలు. డోలుటెగ్రావిర్ వాడే బిడ్డకు ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. ఐరన్, కాల్షియం, జింక్ ఖాళీ కడుపున దానితో కలిస్తే దాన్ని కట్టిపడేసి రక్తంలోకి పోనివ్వవు. రెండింటినీ అన్నంతోపాటు ఒకేసారి ఇవ్వడమో, డోలుటెగ్రావిర్ వేసిన 2 గంటల తరువాత టానిక్కు ఇవ్వడమో చేయాలి. టానిక్కు ముందు తాగించేస్తే 6 గంటలు ఆగాలి.

ప్రమాద సూచనలు

బిడ్డకు ఫిట్స్ రావడం, పిలిచినా పలకకపోవడం, కూర్చోలేనంత డీలా పడడం, పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం, రొప్పడం, అరచేతులు తెల్లగా పాలిపోవడం, కళ్లు పచ్చబడడం, మూత్రం నల్లబడడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రలతో ఆగకూడదు. పెద్దాసుపత్రి దూరమైతే, ఆరేళ్లలోపు బిడ్డకు బయలుదేరేముందే ఆర్టెసునేట్ మందును మలద్వారంలో పెట్టి పంపే ఏర్పాటు ఉగాండా పల్లె కేంద్రాల్లో ఉంది. అది దారి ఖర్చు లాంటిది, వైద్యం కాదు. పెట్టాక జ్వరం దిగినా ప్రయాణం ఆపకూడదు.

ఆసుపత్రిలో ఇచ్చేది ఆర్టెసునేట్ ఇంజెక్షన్. 20 కిలోల లోపు పిల్లలకు కిలోకు 3 మిల్లీగ్రాములు, ఆపైన 2.4 మిల్లీగ్రాములు, చేరగానే ఒకటి, 12 గంటలకు, 24 గంటలకు, తరువాత రోజుకొకటి. కనీసం 24 గంటలు ఇచ్చాక, బిడ్డ నోటితో తీసుకోగలిగితే, మూడు రోజుల మాత్రల కోర్సు పూర్తిగా వేయాలి. 2010లో వెలువడిన పెద్ద పరిశోధనలో ఆఫ్రికా పిల్లల మరణాలు క్వినైన్‌తో 10.9 శాతం ఉండగా ఆర్టెసునేట్‌తో 8.5 శాతానికి తగ్గాయి కనుక, ఆర్టెసునేట్ దొరికేచోట క్వినైన్ వైపు చూడనవసరం లేదు. ఈ ఇంజెక్షన్ తీసుకున్న కొందరిలో ఒకటి నుంచి నాలుగు వారాల తరువాత ఎర్రరక్తకణాలు చిట్లి రక్తహీనత వస్తుంది. జిడోవుడిన్ కూడా రక్తాన్ని తగ్గించే మందే కనుక, అది వాడే బిడ్డకు ఇంటికి వెళ్లాక రెండో వారంలో, నాలుగో వారంలో హిమోగ్లోబిన్ చూడాలని చీటీమీద రాయించుకోవాలి.

తగ్గిన తరువాతి నెల

మూడో రోజుకు జ్వరం పోకపోతే మళ్లీ చూపించాలి. ఉగాండా ఉత్తర ప్రాంతంలో ఆర్టెమిసినిన్‌కు నెమ్మదిగా లొంగే పరాన్నజీవులు ఇప్పటికే కనిపించాయి కాబట్టి, ‘మందు వేశాం కదా’ అన్న భరోసా ఒకప్పటిలా పనిచేయదు. నెలలోపు మళ్లీ జ్వరం వచ్చినప్పుడు మాత్రం ర్యాపిడ్ కిట్‌ను గుడ్డిగా నమ్మకూడదు. ఎక్కువ కిట్లు పట్టుకునే ప్రోటీన్ పరాన్నజీవులు చచ్చాక కూడా కొన్ని వారాలు రక్తంలో మిగిలి ఉండి, లేని మలేరియాను ఉన్నట్టు చూపిస్తుంది. అప్పుడు రక్తపూతనే చూడాలి. అలాగే రక్తంలో హెచ్ఐవీ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష తేదీ ఆ రోజుల్లోనే పడితే, కొన్ని వారాలు వాయిదా వేయమని అడగవచ్చు. మలేరియావల్ల తాత్కాలికంగా పెరిగిన అంకెను చూసి మందులు పనిచేయడం లేదనుకునే ప్రమాదం ఉంది.

గుట్టు కాపాడుతూనే చెప్పడం

ఇంత చెప్పినా, ఏఆర్‌టీ పుస్తకాన్ని జ్వరం ఆసుపత్రి వరుసలో నిలబడి బయటకు తీయడానికి పెద్దవాళ్లు జంకుతారని నాకు తెలుసు. వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఊరి నోళ్లకు భయపడవలసిన కారణాలు వారికి ఉన్నాయి. పైగా ఎంతోమంది పిల్లలకు తమకు హెచ్ఐవీ ఉన్న సంగతే ఇంకా తెలియదు. వైద్యుడి ఎదుట బిడ్డ వింటుండగా ఆ మాట దొర్లితే, నెమ్మదిగా చెప్పుకోవలసిన సంగతి ఒక్క క్షణంలో బద్దలవుతుంది. కనుక బిడ్డను కాసేపు బయట కూర్చోబెట్టడమో, కాగితం చూపించడమో మేలు.

ఆ కాగితం అరచేతిలో పట్టేంత ఉంటే చాలు. జబ్బు పేరు రాయనక్కర లేదు. మందుల పేర్లు చూస్తే చదువుకున్న నర్సుకు అర్థమవుతుంది, పక్కన నిలబడ్డ మనిషికి అర్థం కాదు. సెలవులకు అమ్మమ్మ ఊరికి పంపేటప్పుడు, హాస్టల్లో చేర్చేటప్పుడు మందుల సంచిలో దోమతెరతోపాటు, రెండు వారాలకు సరిపడా అదనపు మాత్రలతోపాటు దీన్నీ పెట్టాలి. బిడ్డ వాడే ఏఆర్‌టీ మందుల పేర్లు, అవి మొదలైన తేదీ, కోట్రైమాక్సజోల్ మోతాదు, ఇదివరకు పడని మందు ఏదైనా ఉంటే అది, చివరిసారి మలేరియా ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏ మందు వేశారు అన్నవి వరుసగా రాయాలి. అన్నిటికంటే పైన బరువు, తూచిన తేదీ రాయాలి. దాన్ని పెన్సిలుతో రాస్తే మూడు నెలలకోసారి చెరిపి కొత్తది రాసుకోవచ్చు.